మూత్రపిండ వ్యాధికి మందు వచ్చిన దారి

పటాన్‌చెరు నుండి కంది మీదుగా సంగారెడ్డికి పోవు ప్రాంతమున ఔషధ కర్మాగారములు పెక్కు కలవు. అట్టి చోట్ల తయారగు మందు వెనుక ఎంత చరిత్ర ఉండునో తెలిసికొనుటకు మూత్రపిండ వ్యాధి మంచి ఉదాహరణము. ఆ చరిత్రలో ఒక తెలుగువానికిని చోటున్నది.

ఒక్కొక్క మూత్రపిండములో సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత గుచ్ఛములుండును. శరీరమును కాపాడవలసిన ప్రతిరక్షకములు కొందరిలో దారి తప్పి ఈ గుచ్ఛములలో పేరుకొని వాపు పుట్టించును. అప్పుడు రక్తములోని మాంసకృత్తులు మూత్రములోనికి జారును. మూత్రము నురుగు కట్టును. ముఖము, కాళ్లు ఉబ్బును. లూపస్ వలన కలుగు మూత్రపిండ వ్యాధి ఇట్టిదే. ఉబ్బునకు, ఈ మాంసకృత్తులకు, చెడిన మూత్రపిండములకు గల సంబంధమును 1827లో లండనులో రిచర్డ్ బ్రైట్ చూపెను. కాని వ్యాధి మూలమును తాకు మందు నూరేండ్లకు పైగా దొరకలేదు.

1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరి, మొదట హార్వర్డులోను, 1940 నుండి లెడర్లీ సంస్థలోను పనిచేసెను. కణములు వృద్ధి చెందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. ఆయన బృందము దానిని పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థములను తయారుచేసెను. పోలికగల వేరొక తాళపుచెవి తాళములో ఇరుకుకొన్నచో అసలు చెవి పట్టదు గదా! ఆ పదార్థములలో ఒకదానితో పిల్లల రక్త క్యాన్సర్ తాత్కాలికముగా తగ్గుటను 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావు మరణించెను.

హార్వర్డులో సుబ్బారావు ఉన్న శాఖలోనే చదివిన జార్జి హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్‌తో కలిసి, ఇట్టి ఉపాయమునే న్యూక్లియిక్ ఆమ్లముల విషయమున స్వతంత్రముగా సాధించెను. 1951లో మెర్కాప్టోప్యూరిన్, 1957లో అజాతయోప్రిన్ వచ్చినవి. మొదటిది కుందేళ్లలో ప్రతిరక్షకముల పుట్టుకను అణచునని 1959లో తేలెను. క్యాన్సర్ కణముల వలెనే ప్రతిరక్షకములను చేయు కణములును వేగముగా వృద్ధి చెందవలసినవే. ఆ విధముగా క్యాన్సర్ మందుల బాట మూత్రపిండమునకు మళ్లెను.

నేడు వైద్యులు మూత్రపిండపు చిన్న తునకను సూక్ష్మదర్శినిలో పరీక్షించి చికిత్స నిర్ణయింతురు. తీవ్రమైన లూపస్ వ్యాధికి మొదట స్టీరాయిడ్లతోపాటు సైక్లోఫాస్ఫమైడ్ గాని మైకోఫినోలేట్ గాని ఇత్తురు. తగ్గిన పిదప మైకోఫినోలేట్ గాని అజాతయోప్రిన్ గాని కొనసాగింతురు. సుబ్బారావు బృందపు మెథోట్రెక్సేట్ కీళ్లవాతమునకు మేలు చేయును; అయితే అది మూత్రపిండముల ద్వారానే వెలుపలికి పోవును గనుక అవి బాగుగా చెడినవారికి తగదు.

1950 ప్రాంతమున ఈ తీవ్ర వ్యాధి సోకి ఐదేండ్లు బ్రదికినవారు కొద్దిమందే. నేడు సకాలమున చికిత్స పొందినవారిలో అత్యధికులు బ్రదుకుచున్నారు. కాని ఈ మందులు రోగనిరోధక శక్తిని తగ్గించును గనుక అంటురోగముల భయము కలదు. వైద్యుడు చెప్పక మానుట మరింత ప్రమాదము. మచ్చగట్టిన గుచ్ఛములు తిరిగి రావు. కావున ఉబ్బు గాని నురుగు గాని కనిపించిన వెంటనే చేయించు సామాన్యమైన మూత్ర పరీక్షయే ఈ మందులకు ఫలమునిచ్చు మొదటి మెట్టు.