ఎరిక్ బేకర్

ఎరిక్ బేకర్ అమెరికాకు చెందిన వ్యాపారవేత్త. క్రీడలు, సంగీత కచేరీల టికెట్లను అంతర్జాలంలో మారుబేరానికి పెట్టే స్టబ్‌హబ్ సంస్థకు సహస్థాపకుడు, వయాగోగో సంస్థకు స్థాపకుడు.

వ్యాపార జీవితం

స్టాన్‌ఫోర్డ్ బిజినెస్ స్కూలులో సహవిద్యార్థి అయిన జెఫ్ ఫ్లూర్‌తో కలిసి 2000లో స్టబ్‌హబ్‌ను స్థాపించాడు. ఇందులో టికెట్ ధరను అమ్మేవారే నిర్ణయిస్తారు. సంస్థకు రుసుము లభిస్తుంది. కొన్నేళ్ళకు బేకర్ ఆ సంస్థను వీడి, 2006లో లండన్‌లో వయాగోగోను ప్రారంభించాడు. 2007లో ఈబే సంస్థ స్టబ్‌హబ్‌ను సుమారు 31 కోట్ల డాలర్లకు కొన్నది. 2020 ఫిబ్రవరిలో వయాగోగో దానిని ఈబే నుండి 405 కోట్ల డాలర్లకు కొనడంతో, తాను వీడిన సంస్థకు బేకర్ తిరిగి అధిపతి అయ్యాడు. కొద్ది వారాలకే కోవిడ్ కారణంగా ప్రపంచమంతటా ప్రదర్శనలు నిలిచిపోయాయి. పోటీ తగ్గిపోతుందన్న కారణంతో బ్రిటన్ నియంత్రణ సంస్థ 2021లో ఇచ్చిన ఆదేశం మేరకు, ఉత్తర అమెరికా వెలుపలి స్టబ్‌హబ్ వ్యాపారాన్ని అమ్మివేయవలసి వచ్చింది. 2025 సెప్టెంబరులో స్టబ్‌హబ్ వాటాలు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదయ్యాయి.

విమర్శలు

ఈ పద్ధతి వలన వెళ్ళలేనివారికి సొమ్ము తిరిగి దక్కుతుంది. అయితే టికెట్లను మూకుమ్మడిగా కొని అధిక ధరకు అమ్మే దళారులకూ ఇది ఊతమిస్తుందని విమర్శ ఉంది. అధికారిక విక్రేతనని భ్రమింపజేసి, సుమారు 27.6 శాతం రుసుమును ముందుగా స్పష్టపరచనందుకు 2020లో ఆస్ట్రేలియా ఫెడరల్ న్యాయస్థానం వయాగోగోకు 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది.