పెట్టింది తిని పుచ్చుకున్న మతమేనా?

గోరంట్ల అనగానే మాధవరాయస్వామి గుడి, చిత్రావతి గుర్తొస్తాయి. ఈ నేలకు క్రైస్తవం ఇంగ్లీషు దొరల వెంట వచ్చిందనీ, కరువులో గంజి పోసినవాళ్ల మతాన్ని పేదలు పుచ్చుకున్నారనీ చాలామంది నమ్మకం. మొదటి సగాన్ని తేదీలే కొట్టేస్తాయి. నిజాం ఈ సీమను కంపెనీకి ధారపోసింది 1800లో. అంతకు దాదాపు వందేళ్ల ముందే ఫ్రెంచి జెసూట్ పాదిరీలు ఇటు చిక్కబళ్లాపురంలో, అటు కృష్ణాపురంలో మకాం పెట్టారు. కావి కట్టి, మాంసం మాని, రోమాపురి సన్న్యాసులమని చెప్పుకుని తిరిగారు. ఆ కేంద్రాల్లో గడిపిన కూర్డూ పాదిరీ 1767లో సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ ఉన్న పోలికల గురించి పారిస్‌కు రాశాడు. వాళ్ల మాట విని మతం మారినవాళ్లలో అనంతపురం వైపు రెడ్డి రైతులున్నారు. సొంత పొలాలున్న ఆ కుటుంబాలకు పాదిరీలు పెట్టగలిగిందేమిటి? సైన్యం లేదు, ఖజానా లేదు, పాలెగాళ్ల దయ ఉంటేనే నిలువనీడ. మారినవాళ్లకు దక్కింది వైష్ణవ దాసర్ల పగ, ఊరి వెలి. తర్వాత చాలా కుటుంబాలు ఈ సీమ విడిచి గుంటూరు వైపు వలసపోయాయి. వలసలకు యుద్ధాలూ కరువులూ కూడా కారణమే కానీ, ఫిరంగిపురం చుట్టుపక్కల రెడ్డి కథోలికులు ఇప్పటికీ తమ మూలాలు సీమలో ఉన్నాయనే చెప్పుకుంటారు.

రెండో సగం, అంటే గంజి కథ, అంత తేలిగ్గా పోదు. 1851 నుంచి కడప జిల్లాలో లండన్ మిషన్ వైపు మాలపల్లెలు మొత్తంగా కదిలాయి. 1876-78 ధాత కరువు సీమను ఊడ్చేసిన కాలంలోనే ఒంగోలు ప్రాంతంలో మాదిగలు వేలల్లో బాప్తిస్మం పొందారు. 1878 జులై 3న వెలుంపిల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది. కరువు, బాప్తిస్మం పక్కపక్కనే కనిపిస్తే ఎవరైనా ముడిపెడతారు, తప్పు లేదు. కానీ ఆ ముడిని అందరికంటే ముందు అనుమానించింది అక్కడి మిషనరీ జాన్ క్లౌ. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. కూలి ఇచ్చినంత కాలం, అడిగినవాళ్లకు కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ఆగాకే జనం గుంపులుగా వచ్చారు. కృతజ్ఞత కూడా ఒక ప్రలోభమే కదా అనవచ్చు. నిజమే, దాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. అయితే ఆ కదలిక కరువుకు పదేళ్ల ముందే పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన యెర్రగుంట్ల పేరయ్య చెప్పులు కుట్టే కులంవాడు, రాజయోగం నేర్పే గురువుల దగ్గర శిష్యరికం చేసినవాడు. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మం దూదేకుల సిద్ధయ్యను, మాదిగ కక్కయ్యను చేరదీసిన సంప్రదాయం ఆ పల్లెలకు కొత్త కాదు. దేవుడి కోసం అప్పటికే వెతుకుతున్నవాళ్లు ఆకలి తీర్చుకోడానికే వచ్చారనడం చరిత్ర కాదు, చులకన.

అసలు లెక్క మరోచోట ఉంది. మారినవాళ్లు ముందుగా మానేసినవి చూడండి: చచ్చిన గొడ్డు మాంసం, అమ్మవారి జాతరలో డప్పు, ఆదివారం పని. ఈ మూడూ ఊరు వాళ్ల మీద మోపిన చాకిరీతో, ఊరు వాళ్లకు విసిరిన కూడుతో ముడిపడినవే. మానేస్తే కూలి ఆగుతుంది, నీళ్లు ఆగుతాయి, దెబ్బలు పడతాయి, పడ్డాయి కూడా. ఎందుకు క్రైస్తవుడు కావాలన్న ప్రశ్నకు ఈ సీమ జవాబు వేదాంత గ్రంథాల్లో కంటే ఈ నిరాకరణల్లోనే స్పష్టంగా ఉందని నా అభిప్రాయం. ఊరి చివర బతికే పల్లె మొదటిసారి 'ఇది మేం చేయం' అనగలిగింది. ఆ మాట ఒంటరి మనిషి అంటే ఊరు నలిపేసేది, అందుకే పల్లెకు పల్లె కలిసి మారింది. గుంపుగా మారారు కనుక నమ్మి మారలేదనే వాదన ఈ సంగతిని మరచిపోతుంది. పెళ్లి, పంట, పంచాయితీ అన్నీ కులంతో కలిసే చేసుకునే సమాజంలో నమ్మకం ఒక్కటే ఒంటరిగా కుదరాలని పట్టుబట్టడం విడ్డూరం.

సమానత్వం కోసం మారారంటే మాత్రం నేను ఒప్పుకోను. సమానత్వం దొరకలేదు. జెసూట్లు కులాన్ని ముట్టుకోకుండానే బోధించారు. రెడ్డి కథోలికులు రెడ్లుగానే మిగిలారు. మాలల సంఘం, మాదిగల సంఘం అని చర్చిలూ విడిపోయాయి. అంబేద్కర్ క్రైస్తవాన్ని తప్పుపట్టింది ఇక్కడే. గాంధీ అభ్యంతరం వేరు: సేవ చేయండి, మతం మార్చకండి అన్నాడు, మతాల మంచిచెడ్డలు తూచే శక్తి హరిజనులకు లేదన్న ధోరణిలో. 1912 నుంచి దోర్నకల్ బిషప్పుగా తెలుగు పల్లెలు తిరిగిన అజరయ్య దీన్ని ఒప్పుకోలేదు. ఎంచుకునే హక్కు చదువుకున్నవాడికే ఉండాలంటే, పేరయ్య పడిన వెతుకులాటను ఏమనాలి?

ప్రలోభం వాదన 1950 తర్వాత తలకిందులైంది. ఆ ఏటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు లేదు. క్రైస్తవులైన దళితులకు ఆంధ్రప్రదేశ్‌లో మిగిలింది బీసీ-సి కింద ఒక శాతం. ఇప్పుడు మతం మారితే పోయేది రిజర్వేషను, ఎన్నికల సీటు, అట్రాసిటీ చట్టం అండ. అందుకే కాగితం మీద హిందువుగా ఉంటూ ఆదివారం ప్రార్థనకు వెళ్లేవాళ్లున్నారు. జనగణనలో క్రైస్తవుల శాతం చూసి ఈ సీమ చరిత్ర రాసేవాళ్లు ఆ అంకెల్లోకి ఎక్కని ఈ జనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.