మెదకు చర్చి వాస్తువు: ఆంగ్ల పారిష్ సంప్రదాయము, దక్కను పరిణామము

మెదకు పట్టణమున వెలసిన చర్చిని, దాని పరిమాణమును బట్టియు, బిషప్పు పీఠమగుటను బట్టియు కెథీడ్రల్ అని వ్యవహరింతురు. కాని వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో ఆరంభమై 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠితమైన నాటికి మెదకునకు బిషప్పు లేడు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన పిమ్మటనే ఆ గౌరవము దానికి సిద్ధించినది. కావున దాని వాస్తుమూలములను బిషప్పుల మహాపీఠములందు గాక, మధ్యయుగపు ఆంగ్ల పారిష్ చర్చియందు వెదకుట సమంజసమని ఈ వ్యాసమున ప్రతిపాదించుచున్నాను.

పారిష్ చర్చి, అనగా ఊరి చర్చి, ప్రధానముగా రెండు భాగముల సంయోగము: జనులు కూడు నేవ్, బలిపీఠము గల చాన్సెల్. చాన్సెల్ మరమ్మతుల భారము రెక్టరుది, నేవ్ భారము ఊరివారిది. ఈ విభజనము వాస్తువునే శాసించినది. ఊరు సంపన్నమైనకొలది నేవ్ ఇరుప్రక్కల స్తంభశ్రేణులతో విస్తరించెను, గంటల గోపురము పైకెగసెను; బట్టల వర్తకమున వర్ధిల్లిన సఫోక్ ప్రాంతపు లావెన్‌హామ్ చర్చి యిందుకు ప్రసిద్ధోదాహరణము.

మెదకునందును ప్రాధాన్యము నేవ్‌నకే. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల ఈ కట్టడమున సుమారు 5000 మంది కూడుటకు వీలున్నది. ముంగిట 175 అడుగుల గోపురమొక్కటియే నిలిచినది. వెస్లియనుల ఆరాధనయందు ప్రసంగమునకు గల ప్రాముఖ్యమే యింతటి విశాలసభామంటపమును కోరినదని ఊహింపవచ్చును. అయితే లావెన్‌హామ్‌ను నిలిపినది వర్తకుల ధనము కాగా, ఇచట క్షామపీడితులకు పని కల్పించి, కూలికి బదులు ఆహారమిచ్చి కట్టించిరని ప్రసిద్ధి. ఊరివారు నేవ్‌ను మోయుట యను పాత ధర్మము ఇచట శ్రమరూపమున పరిణమించినది.

ఈ చర్చియందలి కొనదేరిన కమాను ఈ నేలకు క్రొత్తది కాదు. దక్కనునందలి బీదరులో మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసాలో అట్టి కమానులు గలవు. ఆ శతాబ్దముననే ఇంగ్లండున పెర్పెండిక్యులర్ అను గోథిక్ శైలి పరాకాష్ఠ నొందినది. భిన్నమార్గములలో వికసించిన ఆ రెండు సంప్రదాయములకును ఒకే నిర్మాణసూత్రము ఆధారము: కొనదేరిన కమాను అర్ధవృత్తపు కమాను కంటె భారమును నిటారుగా దింపును, ప్రక్కలకు త్రోయు బలము తగ్గును.

ఆంగ్ల చర్చికిని మెదకు చర్చికిని ప్రధానభేదము శిలయందును, వెలుగునందును గలదు. ఇంగ్లండున పెక్కుచోట్ల లభించు సున్నపురాయి ఉలికి సులభముగా లొంగి, కిటికీ పైభాగమున సన్నని రాతి అల్లికకు తావిచ్చినది. మెదకు గ్రానైటు కఠినమగుటచే శిల్పికి అట్టి విలాసము దుర్లభము. వర్ణవిలాసము మాత్రము గాజునందు సంపన్నమైనది. ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు మహాగవాక్షములలో క్రీస్తు ఆరోహణము 1927లోను, జననము 1947లోను, సిలువ 1958లోను అమరినవి. మబ్బు కమ్మిన దేశమున మందవెలుగును ఆశ్రయించి పెరిగిన ఈ కళకు దక్కను సూర్యుడు సమధికమైన తేజస్సు నొసగుచున్నాడు.

కావున పేరున కెథీడ్రల్ అయినను, ఈ చర్చి రూపమున విస్తరించిన పారిష్ చర్చియే. దాని ఘనత బిషప్పు పీఠమునందు గాక, జనసమూహము కొరకు జనసమూహమే కట్టిన విశాలతయందు గలదు.