వారం రోజుల చీర

2024 డిసెంబర్లో పుష్ప-2 వచ్చినప్పుడు మా ఆఫీసు క్యాంటీన్లో వారం పాటు ఒకటే టాపిక్కు. హీరో చీర కట్టి, నగలు పెట్టుకుని ఆడిన జాతర సీను. "ఏం గట్స్ బాసూ!" అని ఒక హైదరాబాదు మిత్రుడు తెగ ఇదైపోయాడు. నేను లోపల్లోపల నవ్వుకున్నా. మాది తిరుపతి. అక్కడ మే నెలలో గంగమ్మ జాతరప్పుడు మగవాడు చీర కట్టడానికి గట్స్ అక్కర్లేదు, మొక్కు ఉంటే చాలు.

నా చిన్నప్పుడు మా మామ కట్టేవాడు. అమ్మే కుచ్చిళ్ళు సర్ది, సవరం పెట్టి జడ వేసి, పూలు తురిమేది. "అక్కా, బొట్టు సరిగ్గా ఉందా?" అని ఆయన చాలా సీరియస్‌గా అడిగేవాడు. వీధిలో ఒక్కరూ నవ్వేవాళ్ళు కాదు.

కథ తెలియనివాళ్ళకి టూకీగా. ఊరి ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడొకడు గంగమ్మ మీదా కన్నేశాడు. తీరా ఆమె అసలు రూపం చూసి దడుచుకుని ఎక్కడో దాక్కున్నాడు. వాణ్ణి వెతకడానికి అమ్మవారు రోజుకో వేషం వేసింది. బైరాగి, బండ, తోటి... చివరికి దొర వేషంలో వస్తే, నిజంగానే దొర వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు. తల తెగింది. మర్నాడు మాతంగి వేషంలో వెళ్ళి వాడి పెళ్ళాన్ని ఓదార్చింది కూడా! జాతరలో ఈ వేషాలు కట్టేది కైకాల కుటుంబాల మగవాళ్ళు. అంటే దొర వేషం రోజున మగవాడు అమ్మవారవుతాడు, ఆ అమ్మవారు మళ్ళీ మగవాడవుతుంది. (మన భాషలో చెప్పాలంటే నెస్టెడ్ ఫంక్షన్.) జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ పరిశోధకురాలు 2013లో ఈ జాతర మీద ఏకంగా పుస్తకమే వేశారు. లోకమే ఆడదైపోయే సమయం అన్న అర్థం దాని పేరులోనే ఉంటుంది.

గంగమ్మ అన్నగారని మేం చెప్పుకునే కొండమీది స్వామీ తక్కువేం కాదు. బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు పొద్దున మోహినిగా పల్లకీలో ఊరేగుతాడు. పద్మావతి కోసం ఎరుకలసాని వేషం కట్టి నారాయణవనంలో ఆకాశరాజు కోటకి సోది చెప్పడానికి వెళ్ళింది కూడా ఆయనే కదా. కాబట్టి ఆడా మగా అటూ ఇటూ అవడం మనకి పడమటి నుంచి దిగుమతి అయిందనేవాళ్ళు ఒకసారి తిరుపతి బస్సెక్కితే మంచిది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మా ఊరి గొప్పలు చెప్పుకునే వ్యాసం అయ్యేది. కానీ ఇంకో పేజీ ఉంది.

అదే తెలుగువాళ్ళుండే నిజాం రాజ్యంలో 1919లో (1329 ఫసలీ) హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. రిజిస్టర్లో పేరెక్కాలి. ఆడబట్టలతోనో నగలతోనో వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు, రెండేళ్ళ దాకా జైలు. బ్రిటిష్ వాళ్ళు 1871లో ఉత్తరాది కోసం చేసిన చట్టానికి తమ్ముడిలాంటిది. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, హైటెక్ సిటీ లేచింది. చట్టం మాత్రం అలాగే పుస్తకాల్లో ఉండిపోయింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది ఎప్పుడో తెలుసా? 2023 జులైలో!

ఒకచోట మొక్కు, ఇంకోచోట నేరం. పోనీ మా తిరుపతి నయమా అంటే, చట్టం సంగతి వదిలేయండి, మనుషుల సంగతి చూద్దాం. మామ చీరకి దండం పెట్టిన వీధే, మిగతా యాభై ఒక్క వారాలూ హిజ్రా కనబడితే తలుపేసుకునేది. ఎందుకంటే మామ సాయంత్రానికి చీర విప్పేస్తాడు. విప్పేసే చీరకే మన గౌరవమంతా.

ఈ తేడా నాకు బుర్రకెక్కింది రేవతి ఆత్మకథ చదివాక. ఆవిడది పక్కనే తమిళనాడు, నామక్కల్ వైపు. ఇంగ్లీషులో 2010లో వచ్చిన ఆ పుస్తకాన్ని పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు, దానికి 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం కూడా వచ్చింది. అందులో రేవతి చిన్నప్పుడు ఊరి అమ్మవారి పండగలో కురత్తి వేషం కడుతుంది. కురత్తి అంటే మన ఎరుకలసాని లాంటిదే! చూసినవాళ్ళు వేషం భలే ఉందన్నారు. ఆమెకి మాత్రం అది వేషం కాదు. వేషం చూసి మెచ్చుకున్న ఊళ్ళు వేలున్నాయి. లోపలి మనిషి తన కథ తానే చెప్తే వినడానికి మనకి ఇంత కాలం పట్టింది.

నా గొడవ కూడా ఇదే. నేను రాత్రుళ్ళు ఫాంటసీ కథలు రాస్తుంటా. నేను గే. చంద్రగిరి కోటలో కాపలా కాసే ఒక సైనికుడి కథ చాలా ఏళ్ళుగా సాగదీస్తున్నా. అందులో రెక్కల గుర్రముంది, మాట్లాడే బావుంది. వాడు ప్రేమించే మనిషి నా తలలో మొదట్నించీ అబ్బాయే. కాగితం మీద మాత్రం రాకుమారి. ఎగిరే గుర్రాన్ని నమ్మే పాఠకుడు దీన్ని నమ్మడేమో అని భయం. అంటే గంగమ్మ పాలెగాణ్ణి బయటికి లాగడానికి వేషం వేస్తే, నేను దాక్కోవడానికి వేశా.

అలా దాక్కోని వాళ్ళున్నారు. కలకత్తాకి చెందిన ఇంద్రా దాస్ 2015లో రాసిన 'ది డివౌరర్స్'లో మొగలుల కాలంలో రూపాలు మార్చే జీవులుంటాయి. దానికి 2017లో ఎల్జీబీటీక్యూ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, హారర్ విభాగంలో లాంబ్డా అవార్డు వచ్చింది. పదిహేనేళ్ళప్పుడు అలాంటి కథ ఒక్కటి, తెలుగులో, చంద్రగిరిలో జరిగినట్టు దొరికి ఉంటే నేను ఒంటరివాణ్ణి కాదని కాస్త ముందే తెలిసేది. ప్రాతినిధ్యం అనే పెద్ద మాటకి నాకు తెలిసిన అర్థం ఇంతే.

మొన్న రాకుమారి పేరు కొట్టేసి అబ్బాయి పేరు రాశా. ఫైండ్ అండ్ రీప్లేస్, మూడు సెకన్లు. మామకి తన చేత్తో చీర కట్టిన అమ్మకి ఆ కథ ఇంకా చూపించలేదు. ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పాలి. ఈ మే నెలలో ఊరెళ్తున్నా.