రంగము త్రోవ

బారువ రేవున, మహేంద్రతనయ సముద్రములో కలియుచోట నిలిచి పడమటి దిక్కునకు చూచినచో మహేంద్రగిరి నీలముగా కానవచ్చును. తూర్పునకు చూచినచో జలము తప్ప వేరొండు కానరాదు. ఐనను ఈ తీరమున పుట్టిన మూడు నాలుగు తరములవారికి ఆ జలము శూన్యముగా తోచలేదు. దాని ఆవలియొడ్డున ‘రంగం’ అను పట్టణమొకటి కలదనియు, అచట ఒడలు వంచినవానికి పూటపూటకును వరియన్నము దొరకుననియు వారెఱిగియుండిరి. ఆంగ్లేయులు రంగూనని వ్రాసినదానిని మనవారు రంగమనిరి. పట్టణమునకే గాక బర్మాదేశమంతటికిని వారి నోట ఆ పేరే నిలిచెను.

ఈ సీమకుగల ఉద్దానము అను పేరు ఉద్యానశబ్దమునుండి వచ్చినదని పెద్దలందురు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల కొబ్బరి, జీడి, పనస, మునగ తోటలను చూచినవారికి ఆ వ్యుత్పత్తి సందేహాస్పదముగా తోచదు. కాని తోట యెంత చల్లనిదైనను, ఇసుకనేలలో వరి విరివిగా పండదు. చోడి అంబలితో, గంటి సంకటితో దినములు గడపిన కుటుంబములకు వరికూడు పండుగనాటి మాట. 1866లో గంజాము మండలమును పీడించిన మహాక్షామము తరువాత, కడుపు నింపుకొనుటకు సముద్రము దాటుట తప్పు గాదను భావము ఈ గ్రామములలో వేరూనెననుకొందును.

కళింగపట్నము, బారువ, గోపాలపురము ఆనాడు రేవులే గాని, ఓడ ఒడ్డునకు చేరుటకు తగిన లోతైన నౌకాశ్రయములు కాకుండెను. పొగయోడ దూరముగా లంగరు వేసి నిలుచుచుండెను. తీరమునకును దానికిని నడుమ వరుసకట్టి విరుగు కెరటములను దాటించినది మసూలా పడవ. ఈ పడవ నిర్మాణమును గూర్చి ఒకింత చెప్పక తప్పదు. దానికి ఇనుపమేకులుండవు, పలకలను కొబ్బరినారత్రాటితో కుట్టి, కుట్లనడుమ నారను దట్టించి బిగింతురు. మేకులు కొట్టిన గట్టిపడవ కెరటపు దెబ్బకు పగులునుగాని, కుట్టిన పడవ ఆ దెబ్బకు వంగి, మరల నిటారై, అలమీదుగా జారిపోవును. మన తీరమున కొబ్బరి కాయను మాత్రమే గాక, కడలిని దాటించు త్రాటిని గూడ ఇచ్చినదన్నమాట. మూటయు ముల్లెయు తలపై పెట్టుకొని, ఉప్పునీట తడిసి, ఆ పడవలనుండి ఓడ నిచ్చెన పట్టుకొని ఎక్కినవారిలో తిరిగివచ్చినవారెందరో, రానివారెందరో!

వారిని కొనిపోవువాడు మేస్త్రీ. ఇంటివద్ద అప్పు తీర్చుటకును, ఓడకూలికిని ముందుగా కొంత పైకమిచ్చి, ఆ పిమ్మట నెలనెలా జీతములో విరుచుకొనుట ఆ పద్ధతి. విరుపు తీరునప్పటికి కొత్త అప్పు పెరుగుట సామాన్యము. ధాన్యపుమిల్లులలో బస్తాలు మోయుట, ఓడలలో సరకు దింపుట, వీధులలో రిక్షాలు లాగుట వీరి ప్రధానవృత్తులు. ‘కోరంగీలు’ అని ఆ దేశమున మనవారిని పిలిచిరి. గోదావరీముఖద్వారమందలి కోరంగి రేవు పేరు, అచట ఎన్నడు నడుగుపెట్టని గంజాము, విశాఖ మండలములవారికిని అంటుకొనెను.

రంగూను నడచి చూడదగిన నగరము. 1852 యుద్ధానంతరము ఆంగ్లేయులు దానిని నదీతీరమువెంట చదరంగపుగళ్లవలె కొలిచి నిర్మించిరి; ఏటియొడ్డున స్ట్రాండు రోడ్డు, దానికి లంబముగా సంఖ్యలతో పేర్కొనబడిన వీధులు, నడుమ సూలే పగోడా. తెల్లవారకముందే వీధిమూలల మొహింగా కుండలు పొగలు గ్రక్కుచుండును. చేపపులుసులో అరటిదవ్వ నుడికించి, సన్నని బియ్యపుసేవలపై పోసియిచ్చు ఆ ఆహారము, చేపపులుసు రుచి యెరిగిన మన తీరవాసికి పరాయిదిగా తోచియుండదు. 1931 జనగణనలో ఆ నగరమున నాలుగు లక్షలమంది యుండగా, వారిలో రెండు లక్షలకు పైబడి భారతీయులే. ఆ వీధులలో నడువనొల్లనివారిని లాగిన రిక్షాల కాడులను పట్టినవారిలో అధికభాగము తెలుగువారు. ఈ ఒక్క విషయమును మరచి ఆ నగరశోభను వర్ణించుట నాకు చేతకాదు.

1930 మే మాసమున ఓడరేవు తెలుగుకూలీలు కూలి పెంచుమని సమ్మె చేయగా వారి స్థానమున బర్మీయులను నియమించిరి. పిదప రాజీ కుదిరి మనవారు పనిలోనికి మరలగా, తొలగింపబడిన బర్మీయులకును వారికిని ఘోరమైన కలహము జరిగెను. ఇరువురును ఆకలిగొన్నవారే, ఒకరి అన్నమును వేరొకరి యెదుట పెట్టి చూపినవారు వేరు. 1933లో కలకత్తానుండి అక్యాబుమీదుగా రంగూనునకు విమానము నడువసాగెను. అతికొద్దిమంది మాత్రమే పట్టు ఆ విమానమున ప్రయాణించిన దొరలు గంటలలో దాటిన సముద్రమును, మనవారు ఓడ పైతట్టున ఎండకు వానకు ఓర్చి దినములతరబడి దాటుచుండిరి.

1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై జపానువారి బాంబులు పడెను. ఓడలు చాలక, విమానములు అందక, లక్షలకొలది భారతీయులు అరకాను కొండలగుండ, మణిపురము అడవులగుండ కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. విషజ్వరము, కలరా, ఆకలి త్రోవపొడుగునను వారిని కబళించెను. 1942 మార్చిలో రంగూను పతనమయ్యెను. ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్నము, కాకినాడలమీదను బాంబులు పడెను. అన్నమునకై దాటిన సముద్రము మూతపడెను. బర్మాబియ్యము రాకపోవుట 1943 వంగక్షామమునకు గల కారణములలో నొకటియయ్యెను. యుద్ధానంతరము కొందరు మరల వెళ్లిరికాని, 1962 సైనికపాలనమునకు పిమ్మట వారిలోను పెక్కురు చేతిసంచులతో తిరిగివచ్చిరి. విశాఖపట్నమున బర్మాక్యాంపు అను పేట నేటికిని ఆ రాకకు సాక్ష్యము.

నేడు చిన్న విమానమెక్కి తీరనగరమున దిగి, నడచి తిరిగి, నచ్చిన భోజనము చేసి సాయంకాలమునకు ఇల్లు చేరుట కలిగినవారికి వినోదమైనది. 2024 నవంబరు 9న విజయవాడనుండి శ్రీశైలమునకు నీటివిమానమును ప్రయోగాత్మకముగా నడిపిరి. అప్పటి కేంద్రవిమానయానమంత్రి కింజరాపు రామ్మోహననాయుడు టెక్కలి చేరువనున్న నిమ్మాడవారు. ఈ తీరముననే మూలపేటలో 2023 ఏప్రిలులో ఓడరేవుకు శంకుస్థాపన జరిగినది. ఈ తీరపు బిడ్డలు ఆకలికై గాక ఆనందమునకై ప్రయాణింపవలెనని నేనును మనసార కోరుదును. అదే కోరికతో, రంగమునకు పోయినవారి త్రోవను గూడ వ్రాసియుంచుమని పలాస, టెక్కలి, సోంపేట పాఠశాలల ఉపాధ్యాయులను వేడుచున్నాను. ఇంటింట తాతలను, అవ్వలను అడిగి, ఏ రేవున ఎక్కిరో, ఏ మిల్లులో మోసిరో, ఏ కొండదారిని తిరిగివచ్చిరో పిల్లలచేత వ్రాయింపుడు. 1942లో తండ్రి చేయి పట్టుకొని అరకాను కొండలు దాటిన పదియేండ్ల బాలునికి నేడు తొంబదియేండ్లు దాటినవి.