ఓరుగల్లు రాజు అభయమిచ్చిన సముద్ర తీరం

పాల్కురికి సోమనాథుడి ఊరు మన పాలకుర్తి. ఇక్కడి నుంచి సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైనే. అయినా ఒకప్పుడు ఆ తీరం మీద ఎవరికి రక్షణ ఉండాలో తేల్చింది మన పక్కనున్న ఓరుగల్లే. ఎలాగో చూద్దాం.

చీరాల దగ్గర వాడరేవు బీచ్, అక్కడి లైట్‌హౌస్ రీల్స్‌లో అయినా చూసే ఉంటారు. అదే తీరం వెంట కొంచెం దక్షిణానికి వెళ్తే మోటుపల్లి. ఇప్పుడు చిన్న ఊరే, కానీ కాకతీయుల కాలంలో పెద్ద రేవు.

అప్పట్లో తుఫానుకి ఓడ దారితప్పి ఒడ్డుకు కొట్టుకొస్తే, బతికినవాళ్లకి ఇంకో గండం ఉండేది. ఆ తీరాన్ని ఏలే రాజు సరుకంతా లాగేసుకునేవాడు. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏదీ వదిలేవాడు కాదు. ఇది మన దగ్గరే కాదు. ఇంగ్లండ్‌లో 1275 నాటి చట్టం ఏమందో తెలుసా? ఓడలోంచి మనిషి గానీ, కుక్క గానీ, పిల్లి గానీ ప్రాణాలతో బయటపడితే, ఆ సరుకుని దిక్కులేని సొత్తుగా లెక్కకట్టకూడదని!

గణపతిదేవుడు 1244-45లోనే మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. వెనకటి రాజులు బలవంతంగా లాక్కున్నారు, మేం సుంకం తప్ప ఏమీ తీసుకోం అని దాని సారాంశం. ఆ సుంకం కూడా ఎగుమతి, దిగుమతుల మీద ముప్పైలో ఒక వంతే. అంటే వందకి మూడున్నర కూడా కాదు.

ఎందుకిలా? శాసనం దయ, కీర్తి, ధర్మం అంటుంది. అందులో లెక్క కూడా ఉందనిపిస్తుంది. ఒకసారి దోచుకుంటే ఆ ఓడ మళ్లీ రాదు. నమ్మకం ఉంటే ఏటా వస్తుంది, ఏటా సుంకం కడుతుంది. ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ రాజ్యాన్ని రేవు పేరుతోనే ‘ముత్ఫిలి’ అన్నాడు. ఇక్కడి వజ్రాల గురించి, సన్నని నూలు బట్టల గురించి గొప్పగా చెప్పాడు.

కాకతీయ రాజ్యం 1323లో పడిపోయింది. 1358లో అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయం ఇవ్వాల్సొచ్చింది. అంటే ఒకసారి రాయి మీద చెక్కితే సరిపోదు, ఆ మాటను నిలబెట్టేవాళ్లు ఎప్పుడూ ఉండాలి.

ఇవాళ తీర రక్షణ అంటే అర్థం వేరు. 1991 నుంచి ఉన్న తీర నియంత్రణ నిబంధనలు ఒడ్డునీ, మడ అడవుల్నీ మన కట్టడాల నుంచి కాపాడటానికి వచ్చాయి. వాటికీ ఇదే పాఠం వర్తిస్తుంది.

వరంగల్‌లో విజయవాడ మీదుగా చెన్నై వైపు వెళ్లే రైలెక్కి చీరాలలో దిగొచ్చు. లైట్‌హౌస్ దగ్గర సెల్ఫీ అయ్యాక మోటుపల్లి వీరభద్రస్వామి గుడికి కూడా వెళ్లండి. ఒడ్డు ఎక్కడుందో లైట్‌హౌస్ చెప్తుంది. ఆ ఒడ్డున దిగితే భయం లేదని చెప్పింది మాత్రం ఆ శాసనమే.