రాజ్యము లేని రాజ్యధర్మవేత్త

ధర్మవరమునుండి హిందూపురమునకు రైలులో పోవు శ్రోతలకు దారిలో పెనుకొండ కనబడును. 1565లో తళ్ళికోట యుద్ధానంతరము తిరుమలరాయలు ఈ కొండను రాజధానిగా చేసికొనెను. తరువాత కోట పలువురి చేతులు మారినది. ఊరిలోని బాబయ్య దర్గాలో మాత్రము హిందువులును ముస్లిములును నేటికిని మ్రొక్కులు చెల్లించుచున్నారు. అక్కడ నిలిచినపుడెల్ల మాకు ఒక ప్రశ్న తోచును: అన్యమతస్థులపట్ల, పరాయివారిపట్ల రాజ్యమునకు గల ధర్మమేమి? ఈ ప్రశ్నకే ఆయుష్షు ధారపోసిన ఆచార్యుడొకడు హైదరాబాదులో పుట్టెను.

ఆయన పేరు ముహమ్మద్ హమీదుల్లా, జననము 1908. ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఆయన చదివిన కాలమున న్యాయశాస్త్రమును సయితము ఉర్దూలోనే బోధించుచుండిరి. పాశ్చాత్యుల అంతర్జాతీయ న్యాయమును, అరబ్బీ ధర్మశాస్త్రమును ఒకే బల్లపై పెట్టి పోల్చుటకు ఆ చదువు ఆయనకు తోడ్పడెననియే మా యూహ. పిమ్మట జర్మనీలోని బాన్ నగరమున యుద్ధములందలి తటస్థతపైనను, పారిస్‌లో తొలినాటి ముస్లిముల దౌత్యముపైనను పరిశోధించెను. ఆ రెండు గ్రంథములును 1935లో వెలువడెను.

ధర్మగ్రంథములు ఏమి శాసించెననుటతో ఆయన తృప్తిపడలేదు. పాలకులు నిజముగా ఏమి వ్రాసికొనిరో చూడవలెననెను. ప్రవక్తయు, తొలి ఖలీఫాలును వ్రాయించిన లేఖలను, ఒడంబడికలను ఏర్చికూర్చి అరబ్బీలో ప్రకటించెను. మదీనాలో ముస్లిములకును యూదులకును కుదిరిన పత్రమును ప్రపంచములోని తొలి లిఖిత రాజ్యాంగమని ఆయన వాదించెను. ఆ మాట కొంత పెద్దదనియే మా అభిప్రాయము. హత్య జరిగినపుడు పరిహారమెవరు చెల్లింపవలెను, ఊరిపై శత్రువు వచ్చినపుడు ఖర్చెవరు భరింపవలెను అను తెగల ఒప్పందమే అందు ఎక్కువగా కనబడును. అయినను వేర్వేరు మతములవారు ఒకే పాలనకు లోబడి కలిసియుండుటను కాగితముపై పెట్టుట చిన్న సంగతి కాదు.

1948లో ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన హైదరాబాదు ప్రతినిధివర్గములో ఆయనయు నుండెను. ఆ సెప్టెంబరులో భారతసేనలు ప్రవేశించుటతో నిజాము రాజ్యము ముగిసెను. ఆయన మరలి రాలేదు. పాకిస్తాను రాజ్యాంగ చర్చలలో కొంతకాలము సలహాదారుగా నుండెను గాని అక్కడ స్థిరపడలేదు. పారిస్‌లోనే పరిశోధకుడుగా నిలిచి, ఇస్తాంబూలుకు పోయి పాఠములు చెప్పుచు, 1959లో ఖురానుకు ఫ్రెంచి అనువాదమును ప్రకటించెను.

పరదేశికి రాజ్యమిచ్చు అభయమును ఇస్లామీయ న్యాయములో 'అమాన్' అందురు. దానిని గూర్చి పూర్వమే వ్రాసియున్న ఆ పండితుడు, ఏ దేశపు పౌరసత్వమును స్వీకరింపక, శరణార్థి పత్రముతోనే దశాబ్దములు పారిస్‌లో గడపెను. 1996లో అమెరికాలోని బంధువులకడకు చేరి, 2002లో ఫ్లోరిడాలో మరణించెను.